రాయి తేలదు

ఆమెకు అడ్డుపుల్ల అని పేరు పెట్టింది సొంత తమ్ముడే. ఎవరు ఏం చెప్పబోయినా మధ్యలో దూరి, "ఆగు, పుస్తకంలో అలా లేదే" అంటుందని. పేరు పెట్టిన రోజు ఆమె కోప్పడలేదు. అడ్డుపుల్ల లేకపోతే తలుపు గాలికి కొట్టుకుంటుందని మాత్రం అంది. అప్పటినుంచి ఆదివారం బల్ల దగ్గర చేరేవాళ్లందరికీ ఆమె అడ్డుపుల్లే.

ఆ బల్ల తమ్ముడి ఫొటో స్టూడియో వెనకగదిలో ఉంది. మామూలు రోజుల్లో దానిమీద ఫొటోలు కత్తిరిస్తారు, లామినేషన్ చేస్తారు. ఒక పక్క గొడుగు దీపాలు, ఇంకో పక్క చుట్టి నిలబెట్టిన తెరలు. ఒకటి విప్పితే మంచుకొండలు, ఇంకొకటి విప్పితే ఎవరూ ఎక్కని పాలరాతి మెట్లు. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, బల్లమీద గళ్ల కాయితం పరిచి, ఆట మొదలుపెడతారు.

తెలియనివాళ్లకు ఆట గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఒకడు కథ నడుపుతాడు. ఇక్కడ ఆ పని తమ్ముడిది. తక్కినవాళ్లు తలా ఒక మనిషిని పుట్టించుకుని ఆ కథలోకి పంపుతారు. తలుపు తీస్తానంటే తలుపు వెనక ఏముందో తమ్ముడు చెబుతాడు. కత్తి దూస్తానంటే పాచికలు వేయమంటాడు. మంత్రాలుంటాయి. ఏ మంత్రం ఏం చేస్తుందో లావుపాటి పుస్తకంలో రాసి ఉంటుంది. కానీ ఒక మంత్రం మీద ఇంకో మంత్రం పడితే ఏమవుతుందో పుస్తకం చాలాచోట్ల చెప్పదు. అక్కడ కథ నడిపేవాడు తీర్పు చెప్పాలి. ఒకరికి చెప్పిన తీర్పు అందరికీ చెల్లాలి. నోటినుంచి వచ్చిన మాట వెనక్కి పోకూడదు. ఈ రెండూ ఆ బల్ల కట్టుబాట్లు.

అడ్డుపుల్ల పుట్టించిన మనిషి పేరు మసి. కొద్దిగా మంత్రాలు తెలిసిన దొంగ. గళ్ల కాయితం మీద మసికి గుర్తు పాత ఫిల్మ్ రోలు డబ్బా నల్లమూత. మొదట్లో మసికి తాళం తీయడం కూడా సరిగ్గా రాదు. ఏళ్ల తరబడి ఆదివారాలు కూర్చుని, తన్నులు తిని, పారిపోయి, మళ్లీ వచ్చి, ఇప్పుడు రాజముద్రను దాచమని తక్కినవాళ్లు నమ్మకంగా చేతికిచ్చేంతదైంది. అడ్డుపుల్లకు మసి అంటే ప్రాణం. ఈ కథంతా విన్నాక ఆ మాట ఎవరూ నమ్మరు గాని, అది నిజం.

ఆమె ఉద్యోగం గోడౌన్లో. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేది. రెండు ఇనుప కొమ్ములతో సరుకును కింది చెక్కతో సహా లేపి, పైకప్పు దగ్గరి అరలో పెట్టి రావాలి. సరుకు ఎత్తుగా ఉండి దారి కనబడకపోతే మెడ వెనక్కి తిప్పి, దారంతా రివర్సులోనే పోవాలి. కొత్తవాళ్లు కొమ్ములు పైకెత్తుకుని ఊరేగింపులా పోతారు. ఆమె నేలకు జానెడు ఎత్తులో ఉంచి, మూల వచ్చినచోటల్లా హారన్ కొట్టి, తాపీగా పోయేది. ఆమె చేతిలో ఒక్క పెట్టె మూల కూడా నలిగి ఎరగదు.

అలాంటి మనిషికి కడుపులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. కుట్లు చీము పట్టాయి, మళ్లీ కోశారు. కొన్నాళ్లు ఇటో అటో తెలియలేదు. తర్వాత బాగైంది. మాటవరసకు చెప్పడం కాదు, నిజంగానే బాగైంది. డాక్టరు పొట్ట అంతా నొక్కి చూసి, ఇంక నీ పని నువ్వు చేసుకో, బరువులు ఎత్తు, నా దగ్గరికి మాత్రం రాకు అని నవ్వుతూ పంపించాడు. డాక్టరు చెప్పాడు గాని లోకం వినిపించుకోలేదు.

గోడౌన్ సూపర్‌వైజరు అంతకుముందు ఆమెను "ఏయ్, నువ్వే" అని గోడలు అదిరేలా పిలిచేవాడు. ఆస్పత్రినుంచి వచ్చాక మొదటిరోజు, "మీరు ఇక్కడ కూర్చోండమ్మా" అన్నాడు. ఆ 'మీరు' చెవిన పడగానే తన బండి పోయిందని ఆమెకు అర్థమైంది. కుదుపులు మంచివి కావన్నాడు. డాక్టరు పరవాలేదన్నాడంటే, డాక్టర్లు అలాగే అంటారన్నాడు. మెత్త వేసిన కుర్చీ ఒకటి చూపించి, లేబుళ్ల చుట్ట చేతిలో పెట్టాడు. అప్పటినుంచి ఆమె పెట్టెలకు లేబుళ్లు అంటిస్తోంది. ఎదురుగా ఆమె బండిని మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడొకడు అరలకు గుద్దుకుంటూ నడుపుతున్నాడు. గుద్దినప్పుడల్లా సూపర్‌వైజరు వాణ్ని తిట్టేవాడు. ఆ తిట్లు వింటుంటే ఆమెకు కడుపు మండేది. అవి న్యాయంగా తనకు రావలసినవి.

ఇంట్లో అమ్మ ఇంకో రకం. నీళ్ల బకెట్ పట్టుకుంటే చేతిలోంచి లాక్కుంటుంది. గొంతు పెంచి మాట్లాడితే, "నరాలు లాగుతాయే, మెల్లగా" అంటుంది. పక్కింటివాళ్లు ఆమెను చూడగానే గొంతు తగ్గిస్తారు. బతికున్న మనిషికి రోజూ సంతాపసభ. జాలి అనేది చేసేవాడికి సుఖంగా ఉంటుంది. పడేవాణ్ని అడిగితే తెలుస్తుంది. ఎవడూ అడగడు, అడిగితే జాలి ఎక్కడ పాడైపోతుందోనని.

మిగిలింది ఆ బల్ల ఒక్కటే. అక్కడ పాచికలకు ఆమె కుట్ల సంగతి తెలియదు. పుస్తకానికి అసలే తెలియదు. వారమంతా లేబుళ్లు అంటించి, ఆదివారం వచ్చేసరికి అందరితో సమానంగా దెబ్బలు తినడానికి ఆమె స్టూడియో షట్టరు కింద వంగి లోపలికి వచ్చేది.

ఆ ఆదివారం నది దాటాలి. అవతల ముట్టడిలో ఉన్న కోట. మసి దగ్గరున్న రాజముద్ర కోట చేరితేనే కథ ముందుకు పోతుంది, లేకపోతే శత్రువులు ఊళ్లన్నీ తగలబెడతారు. సెలూన్ నడిపే బాబాయి మనిషీ, మందుల షాపులో పనిచేసే కంపౌండరు మనిషీ రెల్లుగడ్డిలో పడవతో దాక్కున్నారు. మసి ముందుగా జలపాదం మంత్రం వేసుకుని నీటిమీద నడుస్తూ బయలుదేరింది. నది మధ్యకు చేరేసరికి అవతలి గట్టుమీంచి శత్రువుల విలుకాళ్లు చూశారు.

బాణాలు పడాలంటే తమ్ముడు పాచికలు వేయాలి. ఎప్పుడూ అందరి కళ్లముందే దొర్లిస్తాడు. ఆ రోజు పుస్తకం నిలబెట్టి, దాని వెనక దొర్లించాడు. తగల్లేదన్నాడు. మళ్లీ దొర్లించాడు. మళ్లీ తగల్లేదన్నాడు. ఇంకోసారి కూడా అంతే. పాచికలు అంత దయగా ఎప్పుడూ లేవు. అడ్డుపుల్ల తల ఎత్తి చూసింది. తమ్ముడు పుస్తకం అట్ట వైపు చూస్తున్నాడు. బాబాయి గోరు గిల్లుకుంటున్నాడు. కంపౌండరు చుట్టి నిలబెట్టిన తెరల్ని ఇప్పుడే చూసినట్టు చూస్తున్నాడు.

ఆమెకు అరికాలినుంచి మంట లేచింది. ఇక్కడ కూడానా అనుకుంది. మీ దయతో తప్పిన బాణాలు నాకు అక్కర్లేదు, తగలనీ, నా కవచం నాకుంది అన్న ఊపులో, ఆలోచించకుండా, "శిలాకవచం వేస్తున్నా" అంది.

శిలాకవచం వేస్తే ఒళ్లంతా రాయి అవుతుంది. బాణం దిగదు, కత్తి దిగదు. బల్లమీది ఇసుక గడియారం ఖాళీ అయ్యేదాకా మనిషి కదలలేడు, మాట్లాడలేడు. నేలమీద అంతకు మించిన కవచం లేదు. కానీ మసి ఉన్నది నీటిమీద. ఆ సంగతి నోరు మూసుకున్న మరుక్షణమే ఆమెకు తట్టింది. కోపంలో అన్న మాట. అయినా మాట మాటే.

తమ్ముడికీ తట్టింది. అయినా తొందర తొందరగా, బాణాలు టంగున తగిలి నీళ్లలో పడ్డాయని, మసి నది మధ్యలో విగ్రహంలా నిలబడి ఉందని చెప్పుకుపోతున్నాడు.

"ఆగు," అంది అడ్డుపుల్ల. "నిలబడి ఉందా?"

"ఉంది."

"ఎలా?"

"జలపాదం ఉందిగా అక్కా. అవతలి గట్టు తగిలేదాకా పోదు."

ఆమె పుస్తకం తీయలేదు. తీయాల్సిన పని లేదు. మంత్రం వేసిన క్షణానికి మనిషికి ఎంత బరువుందో, నీటి పైభాగం అంతే మోస్తుందని జలపాదం కింద రాసి ఉంది. మసి జలపాదం వేసుకున్నప్పుడు మామూలు మనిషి. ఇప్పుడు రాయి. మనిషంత రాయి. పెరిగిన బరువు ఎవడు మోస్తాడని అడిగింది.

మంత్రంవల్ల వచ్చిన బరువు అసలు బరువు కింద లెక్కలోకి రాదన్నాడు తమ్ముడు.

ఆ మాటకు బాబాయి గోరు గిల్లుకోవడం ఆపాడు. ఎందుకు ఆపడు? ఆయన మొదటి మనిషి ఒక ముసలి సిపాయి. తాళ్ల వంతెన మీద శత్రువుల్ని బెదరగొట్టడానికి పెనుకాయం మంత్రం వేసి మూడింతలయ్యాడు. మంత్రంవల్ల వచ్చినా బరువు బరువేనని తమ్ముడు తీర్పు చెప్పాడు. తాళ్లు తెగాయి, సిపాయి లోయలో పడ్డాడు. బాబాయి పైకి నవ్వాడు గాని, ఆ వారం ఆయన చేతిలో చాలామంది క్రాపులు ఒకవైపు ఎక్కువ తెగాయి.

"బాబాయి సిపాయికి బరువైంది, నా మసికి మాత్రం దూదిపింజె అయిందా?" అంది ఆమె.

బాబాయి అడ్డం వచ్చాడు. పోయినవాడు పోయాడు, తనకేం పట్టింపు లేదు, ఆడుకుందాం అన్నాడు.

"నీకు పట్టింపు ఉంది బాబాయ్. నీకు లేకపోయినా నాకుంది. నువ్వు న్యాయంగా చచ్చావు, నేను అన్యాయంగా బతకాలా?"

కంపౌండరు కల్పించుకున్నాడు. ఆమె జబ్బు పడకముందు ఇద్దరూ ప్రతి ఆదివారం పిల్లీ ఎలుకల్లా కొట్టుకునేవాళ్లు. ఆస్పత్రికి మందులు తెచ్చిచ్చింది ఇతనే. అప్పటినుంచి అతని నోట్లో పంచదార తప్ప ఇంకేం లేదు. అక్కా, మసి కవచం వద్దనుకుంటే సరి, అది విడిపోతుంది, మళ్లీ మామూలు బరువు అయిపోతుంది అన్నాడు. విడిపించాలంటే నోటితో చెప్పాలి, రాతికి నాలుక ఎక్కడిదని ఆమె ఆ దారి మూసేసింది. పడవలోంచి తాడు విసురుతానన్నాడు. రాయిని ఈడ్చే తాడు ఎక్కడ అమ్ముతారో చెబితే గోడౌన్‌కు కూడా తెప్పించుకుంటామని ఆ దారీ మూసేసింది. కాపాడేవాళ్లు ముగ్గురు, మునుగుతానని పట్టుబట్టేది ఒక్కతి. బయటినుంచి ఎవరైనా వింటే షట్టరు పైకెత్తి లోపలికి పరుగెత్తుకొచ్చేవాళ్లు.

చివరికి తమ్ముడు దిగివచ్చాడు. సరే, మసి మునిగిందన్నాడు. అని, వెంటనే మొహం వికసించి, ఇంకో దారి చెప్పాడు. రాయికి ఊపిరి అక్కర్లేదు కాబట్టి అడుగున ఉన్నంతసేపూ చావదు. ఇసుక ఖాళీ అవుతుంది, రాయి పోతుంది, పాత బరువు వస్తుంది. జలపాదం ఇంకా ఉంది. ఆ బరువును నీరు మోస్తుంది. మసి బెండులా పైకి తేలి వస్తుంది.

మంచి తీర్పు. తెలివైన తీర్పు. బాబాయి బల్లమీద చరిచాడు. కంపౌండరు, అక్క గండం గడిచింది అన్నాడు. ఆ 'గండం' అనే మాట అతను ఎక్కడినుంచి తెచ్చాడో ఆమెకు తెలుసు. ఆస్పత్రి వరండాలోంచి.

ఆమెకూ మసి బతకాలనే ఉంది. నల్లమూత మీద వేలు పెట్టి అటూ ఇటూ కదిపింది. ఒప్పుకుని ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ ఒక్క మాట అనరు. అసలు బాధ కూడా అదే, ఎవరూ ఒక్క మాట అనరు.

"పైకి రాలేదు," అంది.

నీళ్లదొంగను మర్చిపోయారా అని అడిగింది. ఎవరూ మర్చిపోలేదు. నదిలో మునిగి ఈదుతూ పడవలకు చిల్లులు పెట్టే దొంగ ఒకడు వాళ్లను చాలా ఏడిపించాడు. వాడు నీటి అడుగున ఉండగా కంపౌండరు మనిషి గట్టుమీంచి వాడిమీద జలపాదం వేశాడు. వాడు ఊపిరికోసం పైకి వచ్చేసరికి నీటి పైభాగం నేలలా గట్టిపడి ఉంది. పైనున్నవాడికి అది నేల, కిందున్నవాడికి పైకప్పు అని తమ్ముడే తీర్పు చెప్పాడు. వాడు గాజు కింద చేపలా తల కొట్టుకుని చచ్చాడు. ఆ రోజు అందరూ ఈలలు వేశారు. జలపాదం గట్టు తగిలితేనే పోతుంది. నది మధ్యనుంచి గట్టుదాకా ఒక్క ఊపిరితో నీటి అడుగున పోవడం మసివల్ల కాదని, మసి ఈతలో ఎంత అధ్వానమో ఈ బల్లకంతా తెలుసని చెప్పింది.

"శత్రువుకు పైకప్పు అయింది నాకు తలుపు కాదురా. మసి చచ్చిపోయింది. చెప్పు."

తమ్ముడు పుస్తకం మూసేశాడు. నీళ్లదొంగ వేరు, మసి వేరన్నాడు. ఎందుకు వేరని అడిగింది. వేరంతేనన్నాడు. అదేనా తీర్పు అని అడిగింది. కథ నడిపేది నేను, నా ఇష్టమన్నాడు. ఇలా ఇష్టాన్నిబట్టి నడిపేవాడు గోడౌన్లో ఒకడున్నాడు, వాణ్ని చూసి చూసి విసిగిపోయాను, ఇక్కడ కూడా వాడే కూర్చున్నాడని తెలిస్తే ఆదివారం ఇంట్లోనే పడుకునేదాన్ని అంది.

అప్పుడు తమ్ముడి గొంతు మారింది.

"ఆస్పత్రి బయట బెంచీమీద నేను కూర్చున్నానక్కా. నువ్వు కూర్చోలేదు. లోపలినుంచి తలుపు తీసినప్పుడల్లా ఏం చెబుతారోనని చచ్చాను. ఇప్పుడు ఈ బల్లమీద నా నోటితో నిన్ను చంపమంటావా?"

బాబాయి తల దించుకున్నాడు. ఇంకెవరైనా అయితే అక్కడ ఏడ్చి, తమ్ముడి తల నిమిరి, ఆ పూట ఆట కట్టేసేవాళ్లు. అడ్డుపుల్లకు ఏడుపు రాలేదని కాదు. వచ్చింది. దాని వెనకే అంతకంటే పెద్దది, కోపం వచ్చింది.

"నన్ను కాదురా, మసిని," అంది. "నేను బతికే వచ్చాను. తలుపు తీసి వాళ్లు నీకు చెప్పింది అదేగా. మరి అమ్మ నమ్మదు, గోడౌన్లో వాడు నమ్మడు, నువ్వూ నమ్మవు. అందరూ కలిసి నన్ను ఇంకా ఆ మంచంమీదే పడుకోబెట్టారు. ఆ పాచికలు ఈ పక్కన దొర్లించరా. తగిలితే తగలనీ. నేను బతికున్నానని నువ్వైనా ఒప్పుకో."

తమ్ముడు చాలాసేపు ఆమెను చూశాడు. మొదట కొత్త మనిషిని చూసినట్టు, తర్వాత పాత మనిషిని చూసినట్టు. పుస్తకం తెరిచాడు. జలపాదం ఉన్న పేజీ తీసి, అవసరం లేకపోయినా, మొత్తం పైకి చదివాడు. చదివి, తన కథ చెప్పే గొంతు తెచ్చుకుని చెప్పాడు. రాయి మునిగింది. అడుగున బురదలో నిలబడింది. ఇసుక ఖాళీ అయింది. మసి కాళ్లు తన్నుకుంటూ పైకి వచ్చింది, రెండు చేతులతో నీటిని తట్టింది, అవతల ఆకాశం కనబడుతూనే ఉంది. తట్టింది, తట్టింది, ఆగిపోయింది.

"మసి చచ్చిపోయింది," అన్నాడు. నల్లమూతను కాయితం మీంచి తీసి ఆమె ముందు పెట్టాడు.

న్యాయం జరిగింది. అయినా పోయింది మసి. అన్నేళ్ల మనిషి. అడ్డుపుల్ల మూతను పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. గెలిచిన సంతోషం పావువంతు కూడా లేదు. రేపు మళ్లీ గోడౌన్, మళ్లీ లేబుళ్లు. అక్కడ వాదించడానికి పుస్తకం లేదు, చెల్లాల్సిన పాత తీర్పులు లేవు. ఆ 'మీరు' అనే గోడకు ఏ మంత్రమూ పనిచేయదు.

ఇంతలో కంపౌండరు లేచి నిలబడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది. అతనికి అప్పుడే ఇంకో సంగతి తట్టింది.

"రాజముద్ర ఎక్కడుంది?"

రాజముద్ర మసి నడుముకు కట్టి ఉంది. మసి నది అడుగున ఉంది.

పంచదార అంతా ఒక్కసారిగా కరిగిపోయింది. ఆ ముద్రకోసం కొండలు ఎక్కామన్నాడు, రాక్షసుడి చేతిలో తన చెయ్యి పోగొట్టుకున్నానన్నాడు, చలికాలమంతా ఆదివారం నిద్ర మానుకుని వచ్చామన్నాడు. "నీ పిడివాదంతో అందరి కొంపా ముంచావు కదే. నీ ఒక్కదాని పంతంకోసం మా ఊళ్లన్నీ తగలబడాలా? బుద్ధుందా నీకు? నీటిమీద నిలబడి రాయినవుతానని ఏ తలకాయ ఉన్న మనిషైనా అంటుందా?"

బాబాయి, "ఒరేయ్, ఆమెకు ఒంట్లో..." అని మొదలుపెట్టాడు.

"ఒంట్లో ఏమీ లేదు. దున్నపోతులా ఉంది. నోరు చూశావా దానికి?"

ఆస్పత్రినుంచి వచ్చాక ఆమెను ఒక మనిషి తిట్టడం అదే మొదలు. ఎక్కడా తగ్గించకుండా, గొంతు దించకుండా, కుట్లు గుర్తు పెట్టుకోకుండా తిడుతున్నాడు. అడ్డుపుల్ల వెన్ను నిటారుగా అయింది. తను కూడా లేచి నిలబడింది.

"ముద్ర నాకిమ్మని నేనడిగానా? మోసే దమ్ము లేక నా నడుముకు కట్టింది ఎవడు? పైగా ఆ నీళ్లదొంగ తీర్పుకు ఈల వేసిందెవడు? నువ్వే కదరా సన్నాసీ."

"ఈల వేస్తే? ఈల వేస్తే?"

"వేస్తే ఇప్పుడు మునుగు."

తమ్ముడు ఇద్దరి మధ్యకూ చెయ్యి చాపి ఆపబోయి, ఎందుకో ఆపకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సొరుగులోంచి కొత్త కాయితం ఒకటి తీసి అక్క వైపు తోశాడు. కొత్త మనిషిని పుట్టించుకోవాలి, అడుగునుంచి, తాళం తీయడం కూడా రాని మనిషిని. కనికరం ఉండదని చెప్పాడు. ఆమె విన్నట్టు లేదు. కంపౌండరు నదికి వల వేసి ముద్రను తీస్తానంటున్నాడు, బురదలో ఉన్నది వలకు అందదని ఆమె అంటోంది, అందుతుందని అతను పుస్తకం లాక్కున్నాడు, ఏ పేజీలో ఉందో చూపించమని ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చి అతని భుజం మీంచి పుస్తకంలోకి తొంగిచూసింది.